రేకులో ఊరికే తిరిగిన నట్టు

ఏది కొనాలి?

ఫిట్టరు పనిలో కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్లలో సగం మంది ఫోను తీసి ఒకే రకం బొమ్మ చూపిస్తారు. రివెట్ నట్టు బిగించే చేతి గన్ను. ఎర్ర పిడిది, పసుపు పిడిది, పెట్టెతో వచ్చేది, పెట్టె లేకుండా వచ్చేది. ఏది కొనమంటారు సార్ అని అడుగుతారు. నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ రేకుకు? ఎంత మందం? దాని వెనక చెయ్యి దూరుతుందా? ఆ నట్టు ఊడితే దెబ్బ ఎవరికి తగులుతుంది? మొదటి మూడింటికి టకటకా జవాబు చెప్తారు. నాలుగోదానికి మాత్రం, ఇది పనిముట్టు గురించిన ప్రశ్నేనా అన్నట్టు నా ముఖం చూస్తారు.

నాకూ ఆ ప్రశ్న ఎవరూ నేర్పలేదు. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా బతుకంతా గడిపి, ఒక మనిషికి అన్యాయం చేసి నేర్చుకున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు దిగాను, ఏ కాగితం మీద ఏ హోదా రాశారు అన్నది ఎవరికీ పనికిరాదు. ఈ ఒక్క సంగతి మాత్రం పనికొస్తుందనుకుంటున్నాను.

పని తెలియనివాళ్లకు రెండు మాటలు. మందపాటి ఇనుములో అయితే రంధ్రం వేసి అందులోనే మరచుట్లు, అంటే థ్రెడ్, కోయవచ్చు. పలచటి రేకులో థ్రెడ్ నిలవదు. వెనక నట్టు పెడదామంటే చాలాచోట్ల చెయ్యి దూరదు. అక్కడ రివెట్ నట్టు వాడతాం. చిటికెన వేలి కొనంత గొట్టం, లోపల థ్రెడ్, పైన సన్నని అంచు. గన్ను కొసన ఉన్న థ్రెడ్ కడ్డీకి దాన్ని ఎక్కించి, రంధ్రంలో పెట్టి పిడులు నొక్కితే కడ్డీ వెనక్కి లాగుతుంది. గొట్టం రేకు వెనక ఉబ్బి పట్టుకుంటుంది. ఆ తరువాత కడ్డీని తిప్పి బయటికి తీసేస్తే, రేకుకు నట్టు అతికినట్టే. వెనక ఎంత ఉబ్బిందో మాత్రం మన కంటికి కనపడదు. కనపడని దాన్ని నమ్మి పనిచేయడం ఎంత ప్రమాదమో ఊరంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన నేనే, ఈ విషయంలో ఆ తప్పు చేశాను.

గోడకు ఆనించిన మూతలు

ఎమ్మిగనూరులో పొద్దున్నే బస్సెక్కి, ఆదోనిలో దిగి, బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని మిల్లుకు నడిచేవాణ్ణి. సీజనులో మార్కెట్టు యార్డు మలుపు దగ్గరే ముక్కుకు దూది వాసన తగిలేది. ఎండిన గింజ, నూనె, దుమ్ము కలిసిన వాసన అది. ఇప్పుడు కూడా ఎక్కడైనా కొత్త పరుపు విప్పితే క్షణం పాటు ఆ మలుపు దగ్గరే నిలబడ్డట్టు ఉంటుంది. మిల్లు లోపల ఎనిమిది జిన్ను యంత్రాలు ఒకే వరుసలో ఉండేవి. వాటి మోత మధ్య ఆడవాళ్లు చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని పత్తి గంపలు మోసేవాళ్లు. అంత మోతలోనూ ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్లు. పెదవులు చూసే మాట అర్థం చేసుకునే విద్య వాళ్లది. నాకు వాళ్లు పెట్టిన పేరు నాస్తికప్ప. ఆ పేరు వింటే అప్పట్లో గర్వంగా ఉండేది.

గర్వానికి కారణం ఉంది. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల రీడింగు రూములో పెరిగినవాణ్ణి నేను. జాతకం మీద, చేతబడి మీద, విధవ నుదుటి బొట్టు మీద అక్కడ గంటల తరబడి వాదాలు జరిగేవి. ఎదుటివాడి నోరు మూయించడం ఎలాగో అక్కడ నేర్చుకున్నాను. నోరు మూయించడం వేరు, నిజం తేల్చడం వేరు అన్నది నేర్చుకోవడానికి మాత్రం ఆదోని దాకా పోవలసి వచ్చింది.

ప్రతి యంత్రానికీ పక్కన బెల్టు, దాని మీద రేకు మూత ఉంటుంది. ఆడవాళ్లు గంపలతో నడిచే దారి ఆ మూత పక్క నుంచే. ఆ మూతను పట్టే చట్రం రేకును మడిచి చేసినది. వెనక నట్టు పట్టుకోవాలంటే ఒకరు నేల మీద పడుకుని వేళ్లు దూర్చాలి, ఇంకొకరు ముందు నుంచి బోల్టు తిప్పాలి. దూది ఇరుక్కున్నప్పుడల్లా మూత తీయాల్సిందే. ఇంత అవస్థ పడి దాన్ని మళ్లీ ఎవడు పెడతాడు? మూతలన్నీ గోడకు ఆనించి ఉండేవి. తనిఖీ ఉందంటే తప్ప వాటికి బెల్టు ముఖం చూసే యోగం లేదు. నేను ఆ మాట సేటుతో అన్నాను. మా సేటు పాతకాలపు పత్తి వ్యాపారుల ఇంటివాడు, మాట మెత్తన, నిర్ణయం మాత్రం గట్టి. రివెట్ నట్లు పెడితే ఒక్కడే ముందు నుంచి మూత తీసి పెట్టవచ్చని చూపించాను. సరే పెట్టు అన్నాడు.

మూడు పనిముట్లు

అప్పుడు ఏ పనిముట్టు అన్న ప్రశ్న వచ్చింది. ఒంటి చేత్తో నొక్కే చిన్న గన్నును సేటు తెప్పించాడు. పటకారులా ఉంటుంది. అల్యూమినియం నట్లకు, చిన్న సైజులకు అది చాలు. మావి ఆరు ఎంఎం ఉక్కు నట్లు. నాలుగు నట్లు నొక్కేసరికి అరచెయ్యి పుండవుతుంది. చెయ్యి అలిసిన తరువాత నొక్కిన నట్టు సగమే నొక్కినట్టు. అందుకే చెప్తున్నాను, దుకాణంలో మొదటి నట్టు నొక్కి చూసి గన్ను కొనవద్దు. ఇరవయ్యో నట్టు నొక్కేటప్పుడు నీ చెయ్యి ఎలా ఉంటుందో ఆలోచించి కొను.

రెండోది ఖాదరన్న తయారుచేసినది. ఖాదరన్న నాకు సీనియర్ ఫిట్టరు, నాకు పని నేర్పినవాడు. ఒక గట్టి బోల్టు, ఒక మందపాటి నట్టు, రెండు వాషర్లు, రెండు పానాలు. అంతే. బోల్టు కొసను గొట్టంలోకి ఎక్కించి, ఒక పానాతో దాని తలను కదలకుండా పట్టి, రెండో పానాతో నట్టు తిప్పుతూ పోతే గొట్టం మెల్లగా ఉబ్బుతుంది. చాలా నిదానం. అయితే ఎక్కడ బిగుసుకుంటోందో మణికట్టుకు తెలుస్తుంది. పిడులు తెరిచే చోటు లేని మూలల్లో ఇప్పటికీ దాన్ని మించినది లేదు.

మూడోది నేను అడిగినది. రెండు పొడుగు పిడులది, రెండు చేతులతో మూసేది. ముందు భాగంలో ఒక రింగు ఉంటుంది. పిడులు పూర్తిగా మూసినప్పుడు లోపలి కడ్డీ ఎంత దూరం వెనక్కి రావాలో ఆ రింగు చెప్తుంది. ఒక్కసారి సరిగా పెట్టుకుంటే నట్టు నట్టుకూ తేడా రాదు. నా వాదం విని సేటు దాన్నే తెప్పించాడు. ఖాదరన్న ఒప్పుకోలేదు. నా చేతికి తెలిసినంత నీ రింగుకు తెలుస్తుందా అప్పా అన్నాడు. ముసలి చేతులకు పెన్షనివ్వు అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను గెలిచాననుకున్నాను.

నా ఎంపిక తప్పు కాదని ఇప్పటికీ అంటాను. అంత పనికి ఆ గన్నే సరైనది. నాలుగు యంత్రాలకు నట్లు పెట్టే ముందు తుక్కు రేకు మీద మూడు నట్లు నొక్కి, బోల్టు బిగించి, నట్టు తిరగడం లేదని చూసి రింగు సరిచేసుకున్నాను. ఆ నాలుగు మూతలు కదలలేదు. మిగతా నాలుగు యంత్రాలు దసరా తరువాత అనుకున్నాం.

కుంకుమ

ఆయుధపూజ నాడు మిల్లు కడిగి, గోనె పట్టా పరిచి, పనిముట్లన్నీ వరుసగా పెట్టేవాళ్లు. పానాలు, సుత్తెలు, ఆకురాళ్లు, అన్నిటికీ పసుపు, కుంకుమ. మరుసటి పొద్దున మళ్లీ దీపం పెట్టేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఖాదరన్న కూడా తన పానాలు తుడిచి తెచ్చి అదే వరుసలో పెట్టేవాడు. నీకెందుకన్నా ఇది అంటే, అన్నం పెట్టేదానికి ఒక దినం సెలవిస్తే నీదేం పోతుంది అనేవాడు. ఆ మాటలోని మర్యాద అప్పుడు నా చెవికెక్కలేదు. యంత్రానికి దండం పెట్టేవాడు దానికి మూత పెట్టడేం, ఆడమనిషి వేలు తెగితే మీరు దిష్టికి కొట్టిన గుమ్మడికాయ అతికిస్తుందా అని ప్రతి ఏడూ అరిచేవాణ్ణి. అందులో తప్పేమీ లేదు. ఈ రోజు కూడా అదే అడుగుతాను.

ఆ ఏడు నా కొత్త గన్నును నన్నడగకుండా ఆ వరుసలో పెట్టారు. ముందున్న థ్రెడ్ కడ్డీకి పసుపు ముద్ద, రింగు చుట్టూ కుంకుమ. నాకు ఒళ్లు మండింది. అందరూ చూస్తుండగానే దాన్ని తీశాను. రింగు విప్పి, కడ్డీ బయటికి లాగి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిచాను. తుడుస్తూ ఉపన్యాసం ఇచ్చాను. పసుపు థ్రెడ్‌లోకి పోతే కడ్డీ అరుగుతుందనీ, పనిముట్టుకు కావలసింది నూనె గానీ నైవేద్యం కాదనీ చెప్పాను. మాటలు బాగా వచ్చాయి ఆ రోజు. మళ్లీ బిగించి, ఆ మధ్యాహ్నమే మిగతా నాలుగు మూతలకు నట్లు నొక్కేశాను. కొందరు లెంపలు వేసుకుంటూ చూశారు.

విప్పిన రింగును మళ్లీ పాత చోటికే తెచ్చానా? అటూ ఇటూగా తెచ్చాను. తుక్కు రేకు మీద ఒక్క నట్టు నొక్కి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు. అంతమంది ముందు పరీక్ష చేస్తే నాకే అనుమానం ఉన్నట్టు కనపడుతుందని చూడలేదు. ఇంతకంటే సిగ్గుపడవలసిన వాక్యం నా వృత్తి జీవితంలో ఇంకొకటి లేదు.

మరియమ్మ

సీజను మొదలైన కొన్నాళ్లకు, ఒక మిట్టమధ్యాహ్నం, ఆరో యంత్రం మూత ఒక పక్క ఊడి వేలాడింది. గంపతో పోతున్న మరియమ్మ చొక్కా చేతి అంచు బెల్టుకు తగులుకుంది. ఆమె గంప వదిలి స్తంభాన్ని కావలించుకుంది. చొక్కా చినిగింది. ఖాదరన్న స్విచ్చి కొట్టేలోపు మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు లేచింది. వేళ్లు మిగిలాయి. అది ఆమె బలం, నా అదృష్టం.

మరియమ్మది కోసిగి. రోజూ పాసింజరు రైలులో ఆదోనికి వచ్చేది. ఏటా పంటలు కోసేశాక ఇంటిల్లిపాదీ బెంగళూరు కూలికి పోయేవాళ్లు. మిల్లు పని దొరికిన ఆ ఏడే మొదటిసారి పోకుండా ఆగారు. ఈ పని ఉంటే ఊళ్లోనే ఉంటారు, కూతురు బడిలో ఉంటుంది. పోతే అందరూ మూటలు కట్టాల్సిందే. ఇది మిల్లులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె చేతికి కట్టు కట్టించి తెచ్చాక సేటు అందరినీ పిలిచాడు. కూలీలు ఒకే మాట మీద ఉన్నారు. పూజలో ఉన్నదాన్ని ఎత్తుకుపోతే అమ్మవారికి కోపం రాదా అన్నారు. సేటు దాన్ని కొట్టిపారేయలేదు, ఒప్పుకోనూ లేదు. దూది తీయడానికి ఆమే మూత విప్పి సరిగా బిగించలేదేమో అన్నాడు. చివరికి నన్నడిగాడు.

నాకు రెండు దారులు కనపడ్డాయి. నా పనిలో లోపముందంటే అమ్మవారు గెలుస్తుంది. లోపం లేదంటే హేతువు గెలుస్తుంది. అంత చెత్తగా ఆలోచించాను. నేను బిగించిన నట్టు ఊడదు, ఎవరో బోల్టు వదులు చేసుంటారు అన్నాను. ఎవరో అన్నాను గానీ ఎవరో అందరికీ అర్థమైంది.

మరియమ్మ ఏడవలేదు. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నా వైపు తిరిగింది.

"బోల్టు ఇప్పల్లంటే పానా ఉండల్ల గదన్నా. పానా పెట్టె బీగం నీ తాన ఉంది. నాకు పానా ఎవరిచ్చినారు?"

రేపటి నుంచి రావద్దని సేటు ఆమెకు చెప్పాడు.

ఆ రాత్రి బస్సులో ఎమ్మిగనూరు పోతూ ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి చూశాను. ఆధారం అడిగింది ఆమె. ఆధారం లేకుండా నమ్మమన్నది నేను. రీడింగు రూములో ఎవరైనా నాలా మాట్లాడి ఉంటే చీల్చి చెండాడేవాణ్ణి.

తుక్కు రేకు

మరుసటి పొద్దున ఖాదరన్న నా బల్ల మీద చేటంత తుక్కు రేకు ఒకటి పెట్టి ఉంచాడు. రంధ్రం కూడా వేసి ఉంది.

"ఒక్క నట్టు కొట్టప్పా" అన్నాడు.

గన్ను తీసుకుని నొక్కాను. బోల్టు ఎక్కించి రెండు వేళ్లతో తిప్పాను. రేకులో నట్టు కూడా దానితో పాటు ఊరికే తిరిగింది. రింగు తేడా కంటికి కనపడనంత. లాగిన దూరం చాలక, రేకు వెనక ఉబ్బు సగంలోనే ఆగిపోయింది. యంత్రం అదురుకు అది ఎన్నాళ్లో ఆగదు.

ఖాదరన్న నవ్వలేదు. ముసలి చేతుల మాట గుర్తు చేయలేదు. "మరియమ్మోళ్లు ఆదివారం బెంగళూరు బస్సెక్కుతాండారంట" అన్నాడు.

నేను నిజం చెప్తే వీళ్లంతా అమ్మవారి మహిమ అంటారు గదన్నా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఎంత నీచంగా వినపడుతోందో అప్పుడంత వినపడలేదు.

"అననీ. వాళ్ల నోరు వాళ్లది" అన్నాడు. "ఆయమ్మ సెయ్యి ఎవురిది?"

గన్ను, రేకు పట్టుకుని సేటు దగ్గరికి పోయాను. కూలీలను కూడా పిలవమన్నాను. అందరి ముందూ మళ్లీ నట్టు నొక్కి, తిప్పి చూపించాను. తప్పు నాది, మరియమ్మది కాదు, నిన్న నేను చెప్పింది అబద్ధం అన్నాను. ఒక పెద్దావిడ చేతులు జోడించి, సూపించింది సూడు అమ్మోరు అంది. సేటు, పూజలో నుంచి తీసినందుకే గదా ఇంత అయింది అన్నాడు.

"తీసినందుకు కాదు సేటూ. తీసి మళ్లీ పరీక్ష చెయ్యనందుకు."

"రెండూ ఒకటే" అన్నాడు సేటు.

రెండూ ఒకటి కాదు. ఈ రోజుకీ కాదంటాను. కానీ ఆ పూట ఆ వాదం గెలవడానికి నేను అక్కడికి పోలేదు. మరియమ్మను రానివ్వమని అడిగాను. రమ్మను అన్నాడు.

పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇక్కడ ఆగి ఒక మాట వినాలి. గన్ను కొనేటప్పుడు పిడి చూస్తారు, ధర చూస్తారు, ఎన్ని సైజుల కడ్డీలు ఇచ్చారో చూస్తారు. చూడండి. దాంతో పాటు అది విప్పితే మళ్లీ అదే చోటికి వచ్చే గుర్తు రింగు మీద ఉందో లేదో చూడండి. లేకపోతే మీరే గీత గీసుకోండి. విప్పిన ప్రతిసారీ, కింద పడిన ప్రతిసారీ, వేరేవాడి చేతిలోంచి వచ్చిన ప్రతిసారీ అదే మందం తుక్కు రేకు మీద ఒక నట్టు నొక్కి, బోల్టు బిగించి చూడండి. సైజు సరిపోని రంధ్రం వేసి, దాని తప్పు గన్ను మీద వేయకండి. పరీక్ష చేస్తే మీకు పని రాదనుకుంటారని సిగ్గుపడకండి. ఆ సిగ్గు పడ్డవాణ్ణి నేనొకణ్ణి ఉన్నాను, చాలు.

కోసిగి

కబురు పంపితే సరిపోయేది. ఖాదరన్న పంపనివ్వలేదు. నేనే సాయంత్రం పాసింజరెక్కి కోసిగిలో దిగాను. వాళ్ల ఇంటి ముందు చాపలో చుట్టిన గిన్నెలు, కట్టిన మూటలు రెండు ఉన్నాయి. మరియమ్మ అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో బియ్యం ఏరుతోంది. భర్త నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె లేవలేదు.

జరిగిందంతా చెప్పాను. రింగు గురించి చెప్పాను, అబద్ధం ఎందుకు ఆడానో కూడా చెప్పాను. ఆమె ఏరడం ఆపకుండా విన్నది.

"అమ్మోరు సేసిందంటాండారు గదా మిల్లులో" అంది.

అవునన్నాను.

"అమ్మోరూ కాదు, యేసయ్యా కాదు. నువ్వే."

అవునన్నాను. నా బతుకులో నేను విన్న హేతువాద ఉపన్యాసాల్లో అంత చిన్నది, అంత సూటిది ఇంకొకటి లేదు.

వస్తానంది. అయితే ఒక షరతు పెట్టింది. ఎనిమిది మూతలూ తాను తిప్పి చూశాకే యంత్రం ఆడాలి. నువ్వు సెప్పినావని నమ్మను అంది. క్షమించానని ఆమె అనలేదు, నేను అడగలేదు. నేను స్టేషను వైపు మళ్లేసరికి వెనక ఆమె భర్త మూట ముడి విప్పుతున్నాడు.

మరుసటి పొద్దున నేను నాలుగు మూతల నట్లూ పీకి, రింగు సరిచేసి, తుక్కు రేకు మీద చూసుకుని కొత్తవి నొక్కాను. పాత రంధ్రాలు పాడైన చోట పక్కన కొత్తవి వేశాను. ఖాదరన్న ఆమెకు పానా ఎలా పట్టాలో, ఎంత బిగువు దాకా తిప్పాలో చూపించాడు. కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. ఆమె మొదటి యంత్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కట్టున్న చెయ్యి ఒడిలో పెట్టుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్క బోల్టుకూ పానా తగిలించి తిప్పసాగింది. నేను పూజకు ముందు బిగించినవి, నాకు ఏ అనుమానమూ లేనివి కూడా వదల్లేదు. అవి సరిగానే ఉన్నాయి, చూడక్కర్లేదు అని చెప్పడానికి ఆమె మీదికి వంగాను.

"పక్కకు జరుగన్నా. నీ నీడ పడతాంది, బోల్టు కనపడ్లే."

జరిగాను.